ల్యాబ్ కోడ్ అరవై ఒకటి

ఓరూరోలో నీళ్లు ఎనభై ఏడు డిగ్రీలకే మరుగుతాయి.
అంత ఎత్తు మాది.
దుంపలు ఉడకడానికి పూటంతా పడుతోందని
మా అమ్మ పొయ్యి దగ్గర గొణిగేది.
ఆ గొణుగుడు ఒకరోజు
ల్యాబు రిజిస్టరుకెక్కుతుందని అనుకోలేదు.

సీసాలు కడగడం నా పని.
ఆసిడ్‌లో ఒకసారి, కుళాయి కింద మూడుసార్లు,
ఏమీ లేని నీళ్లతో చివరిసారి.
ఏమీ లేకుండా ఉండటం ఎంత కష్టమో
గాజు కడిగినవాడికే తెలుసు.

మార్చిలో పార్సిల్ వచ్చింది.
పరీక్షలు చేసేవాళ్లకి పరీక్ష, ఏడాదికోసారి.
అరచేతిలో ఇమిడే డబ్బా, లోపల బూడిదరంగు మట్టి.
ఒకే జల్లెడ పట్టి, ఒకే పీపాలో దొర్లించి
తొంభై ల్యాబులకి పంచారట:
ఒక్క కుండ కూర,
ఏ నాలుక ఏమంటుందో చూద్దామని.
సీసం ఎంతుందో పంపినవాళ్లు చెప్పరు.
మాకక్కడ పేరుండదు. అరవై ఒకటి, అంతే.

మూత తీసేముందు బసీలియా వరాచి
మణికట్టు మీది వైరూరో గింజల దండ విప్పి
మేకుకి తగిలించింది.
ఎర్రటి గింజలు, ఒక పక్క నల్లటి మచ్చ,
గురిగింజకి దూరపు చుట్టాలు.
మూడుసార్లు తూచింది, ఊపిరి బిగబట్టి.
ఆసిడ్ పోసి, వేడి దిమ్మ మీద పెట్టి,
కాగితంలో ఎలా ఉంటే అలా, ఎంతసేపంటే అంతసేపు.

సాయంత్రం పోతోసీ నుంచి ఫోను.
డెల్ఫీన్, ఆమెతో చదువుకున్నవాడు.
"నీకెంతొచ్చింది?"
పక్కవాడి పలకలోకి ఓరగా చూసే పిల్లాడి గొంతు.
"ఇక్కడ వడగళ్లు" అంది.
"ఎంత, బసీలియా?"
"శనగలంత."
పెట్టేసింది.

నూట పన్నెండు, అని రాసి పంపింది.

జూన్‌లో జవాబు.
అసలు విలువ నూట నలభై ఎనిమిది.
తొంభై చుక్కలు పాములా మెలికపడి పైకి పాకుతుంటే
తోక చివర, గీతకి కింద, మేము.
మైనస్ మూడు పాయింట్ ఒకటి.
"మట్టి సరిగ్గా కలవలేదని రాసేయండి" అన్నాడు డైరెక్టరు.
మిగతా ఎనభై తొమ్మిదిమందికీ కలిసిన మట్టి
మనకెలా కలవదో అతనికీ తెలుసు.

నాకు భయం, నా కడుగుడేమోనని.
"మురికైతే ఎక్కువ చూపించాలి.
ఇది తక్కువ చూపిస్తోంది. నువ్వు కాదులే" అంది.
ఆ ఒక్కమాటకి రాత్రి నిద్రపట్టింది.

పిపెట్టు మార్చింది. తూకపురాళ్లు తుడిచింది.
ఐదోరోజు మధ్యాహ్నం, క్యాంటీన్లో,
దుంపలో చెంచా దిగలేదు.
చెంచా వైపు చాలాసేపు చూసింది.
తిండి వదిలేసి లేచింది.

సముద్రపు ఒడ్డున ఎవరో రాసుకున్న వంటకం అది.
మా గాలి పల్చన; ఆసిడ్ తొందరగా పొంగి
ఒంట్లో వేడి చేరకముందే చల్లారుతోంది.
సీసం ఇసుకరేణువు లోపలే
తలుపేసుకు కూర్చుంది.
మూత బిగించిన పాత్రలో, ఒత్తిడి పెట్టి మళ్లీ ఉడికించింది.
నూట నలభై ఆరు.

నేను చప్పట్లు కొట్టబోయాను.
ఆమె బీరువా తెరుస్తోంది.
ఆరేళ్ల రిజిస్టర్లు నేలమీద పరిచింది.
తగరం కొలిమి పక్క వీధులు, పెరళ్లు, ఆటస్థలాలు.
పేజీ తరవాత పేజీ: పరిమితి లోపే,
పరిమితి లోపే, కింద తన సంతకం,
గుండ్రంగా, చక్కగా.
మేకుకున్న దండ ఆ రోజు చేతికెక్కలేదు.
గింజకి తన నలుపు కనపడదు.
చూపించడానికి దూరపు ఊరి నుంచి
ఒక డబ్బా మట్టి రావాలి.

నాలుగువందల పన్నెండు సంచులు.
మొదటిది సాన్ పీయో బడి, ఊయల కింద.
నేను పార పట్టాను, ఆమె మోకాళ్ల మీద కూచుంది.
ముక్కు కారుతున్న పిల్ల ఒకతి వచ్చి
"పోయినసారే తీసుకెళ్లారుగా, బాగుందన్నారుగా" అంది.

బసీలియా సంచి మూతి ముడేసి
పిల్ల ముఖంలోకి చూసి చెప్పింది:
"అప్పుడు సరిగ్గా ఉడకలేదమ్మా."